తడిగోనె కింద అన్నం

మా అత్తగారు నాసరమ్మ అన్నం గంప మీదికి వంగి ఒక్కసారి ఊపిరి పీల్చిందంటే తీర్పు వచ్చినట్టే. "రెండింటి దాకా ఉండిద్ది." "ఇప్పుడే మజ్జిగలో కలిపెయ్యండి." "ఇది గేదెకి పొయ్యండి." ఎప్పుడూ ఈ మూడింట్లో ఒకటే. అప్పీలు లేదు. సున్నపుమెట్ట రాతి గనిలో పనిచేసేవాళ్ళకి ఇరవై ఆరేళ్ళుగా మా ఇంటి పక్కనే ఉన్న కాంటీన్‌లో ఆమే వండిపెడుతోంది. ఇన్నేళ్ళలో ఆమె చేతి కూడు తిని ఒక్కడూ కడుపు పట్టుకుని కూర్చోలేదు. నేను సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసి, పేరు ముందు డాక్టర్ తగిలించుకుని ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాను. ఆ ముక్కును చూస్తే మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఒళ్ళు మండేది. ఆరేళ్ళు చదివి నేను పరికరాలతో తేల్చేదాన్ని ఆమె పొయ్యి దగ్గర నిలబడి, చెంగుతో చెమట తుడుచుకుంటూ తేల్చేసేది.

పల్నాటిలో ఎండ యాభై డిగ్రీలు దాటడం వార్త కాకుండా పోయిన రోజులవి. పొద్దున పదింటికి కరెంటు తీసేస్తే మళ్ళీ సాయంత్రం ఆరింటికే. తీసేది మా ఆయన రామకోటే. సబ్‌స్టేషన్‌లో పని కాబట్టి ఊరి తిట్లన్నీ మా ఇంటికే వచ్చేవి. తీయకపోతే తీగలు సాగి కిందపడతాయని ఆయన ఎవరికి చెప్పుకుంటాడు? మా ఇంట్లో ఫ్రిజ్‌ను అత్తయ్య ఊరగాయ జాడీల బీరువా చేసేసింది. ప్రతి వేసవిలో ఎక్కడో ఒక పెళ్ళిలో, ఒక హాస్టల్లో, ఒక అంగన్‌వాడీలో అన్నం తిన్నవాళ్ళు తిన్నట్టే పడిపోయేవారు. పేపర్లో లోపలి పేజీలో నాలుగు ముక్కలు వేసి ఊరుకునేవారు. అలా పోయేవాళ్ళు ఏటేటా పెరుగుతుంటే, హైవే పక్కన మా వేసవి ఆహార పరిశోధనా కేంద్రం పెట్టారు. అందులో నేను తయారుచేసిందే 'నిలకడ'.

చూడ్డానికి తెల్లటి పొడి. సూక్ష్మజీవులకీ శత్రువులున్నాయి. ఒక్కో రకం జీవిని మాత్రమే వెతికి పట్టుకుని, లోపల దూరి, పిల్లల్ని పెట్టి, దాన్ని బద్దలుకొట్టుకుని బయటికొచ్చే వైరస్‌లు. అవి మనిషి జోలికి రావు. అన్నాన్ని పులియబెట్టే, జిగురు చేసే, కంపు కొట్టించే జీవుల జాబితా ఒకటి రాసుకుని, ఒక్కోదానికి ఒక్కో వేటగాణ్ణి పెంచి, ఎండబెట్టి కలిపాను. వండిన అన్నం మీద ఒక చిటికెడు చల్లితే రెండు రోజులు ఫ్రిజ్ అక్కర్లేదు.

ఆ జాబితాలో మొదట ఇరవై ఏడు పేర్లుండేవి. బయటి ఎండ ఎంతో అంత వేడి పెట్టి, యాభై డిగ్రీల పెట్టెలో అన్నం ఉంచి చూస్తే ఇరవై ఏడోది అసలు పెరగలేదు. మట్టిలో ఉంటూ, గట్టి పెంకు కట్టుకుని, అన్నం ఉడికినా చావకుండా పడుకునే రకం అది. యాభై డిగ్రీల్లో అది నిద్ర లేవదు. ఇంక దానితో పనేముందని ఎర్ర పెన్నుతో ఆ పేరు కొట్టేసి, పక్కన 'అనవసరం' అని రాసి సంతకం పెట్టాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరి మీదో నెట్టడానికి చూశానని అనుకోకూడదు.

"ఇంట్లోనే కాంటీన్ పెట్టుకుని పరీక్షకి వేరే చోటు వెతకడం ఎందుకమ్మా?" అన్నారు మా డైరెక్టర్ విఠల్‌రావు గారు. నాకూ లోపల అదే కోరిక. ఆ ముక్కును ఓడించాలని.

అత్తయ్య డబ్బా మూత తీసి వాసన చూసింది.

"ఏంది ఇది?"

"పురుగుల్ని చంపే పొడి అత్తయ్యా. కంటికి కనపడని పురుగుల్ని."

"చంపేదాన్ని అన్నంలో ఏసుకుని తినమంటావా?"

"మనుషుల్ని ఏం చెయ్యదు. ఆర్నెల్ల నుంచి నేను తింటూనే ఉన్నాను."

"అందుకే ఇట్టా చిక్కి సగమయ్యావు." డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. "సరేలే, ఏస్తా. పొడిని చూసి కాదు అమ్మాయ్, నిన్ను చూసి."

ఆ మాట నాకప్పుడు గెలుపులా వినిపించింది.

పొద్దున ఏడింటికి వార్చిన అన్నాన్ని వెదురు గంపలో గుడ్డ పరిచి పోసేది. చిటికెడు నిలకడ చల్లేది. డబ్బా మీద తడి లేని మూత పెట్టమని చిన్న అక్షరాల్లో ఉన్నా, ఎప్పటిలాగే పైన తడిపిన గోనె కప్పి, గంటకోసారి చెంబుడు నీళ్ళు చిలకరించేది. మా వైపు ఏ వంటింట్లోనైనా వేసవి వస్తే అంతే. నీళ్ళ కుండకీ, అన్నం గంపకీ, కూరగాయల బుట్టకీ తడిగోనె చుడతారు. నేను రోజూ ఆ గంప పక్క నుంచే ఉద్యోగానికి వెళ్ళేదాన్ని.

మొదటి నెల పొద్దున వండింది సాయంత్రం దాకా వాడించాం. ఒక్క మెతుకు చెడలేదు. అత్తయ్య మాత్రం గంప మీదికి వంగి, పీల్చి, మళ్ళీ పీల్చి, అయోమయంగా లేచి నిలబడేది.

"నాకేం తెలవట్లేదు అమ్మాయ్. పొద్దున వాసనే సాయంత్రం గూడా వస్తంది. ఇదెంతసేపు ఉండిద్దో నేనెట్టా చెప్పాలి?"

"చెప్పడానికి ఏమీ లేదత్తయ్యా. మీ ముక్కుకి ఇక సెలవు," అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండో నెల మొదట్లో మా ఇంట్లో పాలు తోడుకోలేదు. తెల్లారి చూస్తే గిన్నెలో పాలు పాలలాగే ఉన్నాయి. అత్తయ్య పక్కింటికి వెళ్ళి చెంచాడు తోడు తెచ్చింది. అదీ అంతే. ఆ పక్కింటివాళ్ళు అంతకుముందు మా దగ్గరే తోడు తీసుకెళ్ళారు, వాళ్ళ దగ్గర ఎదురింటివాళ్ళు తీసుకున్నారు. వారం తిరిగేసరికి గని కాలనీలో నలభై ఇళ్ళలో పెరుగు లేదు. నడివేసవిలో మజ్జిగ లేకపోతే ప్రాణం నిలుస్తుందా? ఆడవాళ్ళంతా పాలవాణ్ణి తిట్టిపోశారు.

నాకు తెలుసు. వంటింట్లో చేతులకీ గరిటెలకీ అంటుకున్న నా వేటగాళ్ళు తోడులోకి దూకి, అన్నాన్ని పులియబెట్టేవాటికి చుట్టాలైన, పాలను పెరుగు చేసే మంచి జీవుల్ని కూడా చంపేస్తున్నాయి. తోడుతో పాటు ఇల్లిల్లూ తిరుగుతున్నాయి.

"ఎండకి అలా అవుతుందత్తయ్యా," అన్నాను.

"ఎండకి పెరుగు పులిసిద్ది. తోడుకోకపోవడం ఏంది? యాడన్నా చూశామా?"

విఠల్‌రావు గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "పెరుగు మన పరిశోధన పరిధిలోకి రాదు, హైమవతి గారూ," అన్నారు. నేను సరేనన్నాను. పైగా ఆయన చెప్పినట్టే, రెండో నెల చివరి వారం నుంచి ముందు రోజు వండిన అన్నం మరుసటి రోజు మధ్యాహ్నం పెట్టించడం మొదలుపెట్టాను.

అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు ఇస్సాకు. క్రషర్ దగ్గర పని. ఒళ్ళంతా రాతి పొడితో ఎప్పుడూ పిండి చల్లినట్టుండే మనిషి. అన్నం కంటే గోంగూర ఎక్కువ పెట్టించుకునేవాడు.

"పెద్దమ్మా, నిన్నటి అన్నమంటే నమ్మబుద్ధి కావట్లే. ఇంటి కాడ మా దీవెనమ్మ వండింది పన్నెండింటికే జిగురొచ్చిద్ది. ఈ పొడేదో మాకూ ఇంత ఇప్పించు," అని అత్తయ్యని బతిమాలాడు. నావైపు తిరిగి దణ్ణం పెట్టాడు కూడా. "సల్లగుండు వదినా."

అయిదు రోజులు బాగానే గడిచాయి. ఆరో రోజు అన్నానికి కొత్త బియ్యం బస్తాలు విప్పారు. మట్టి కాస్త ఎక్కువగా ఉంది, రెండుసార్లు ఎక్కువ కడిగించాను అంది అత్తయ్య. ఆ రోజు ఎండ యాభై ఒకటి. పన్నెండున్నరకి భోజనాలయ్యాయి. మూడింటికి క్రషర్ ఆగిపోయింది. యంత్రం చెడి కాదు, నడిపేవాళ్ళు లేక. యాభై ఎనిమిది మంది గని అంచున నేల మీద పడి కక్కుకుంటున్నారు. నీడ లేదు. మా ఆయన పైవాళ్ళ తిట్లకి వెరవకుండా ఆసుపత్రి లైనుకి కరెంటు ఇచ్చాడు. యాభై ఏడు మంది బతికారు. ఇస్సాకుకి కాలేయం పాడైపోయింది. మూడో రోజు పొద్దున పోయాడు. ముప్పై నాలుగేళ్ళు.

అదే రోజు కాంటీన్ తలుపులకి సీలు వేశారు. అత్తయ్య ఆ అరుగు మీదే కూర్చుండిపోయింది.

"నా చేత్తో పెట్టా అమ్మాయ్. ఇంకొంచెం ఏయించుకోరా అని ఎగేసి మరీ పెట్టా," అంది. ఏడవలేదు. ఆమె ఏడవకపోవడం నన్ను చంపేసింది.

మర్నాడు విఠల్‌రావు గారు నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. నాలుగే వాక్యాలు. 'నేను, నాసరమ్మ, పైన తెలిపిన తేదీన అన్నాన్ని డబ్బాపై సూచించిన విధంగా తడి లేని మూతతో ఉంచక, తడిసిన గోనెసంచి కప్పి ఉంచితిని. అది నా అజాగ్రత్త. నిలకడ పొడిలో లోపమేమీ లేదు. ఇది నేను ఇష్టపూర్వకముగా ఒప్పుకొనుచున్నాను.'

"సంతకం పెట్టించండి. కేసు లేకుండా నేను చూస్తాను. జూన్ పన్నెండున బడులు తెరుస్తారు. రాష్ట్రంలో ప్రతి బడి వంటశాలకీ ఆ రోజు నిలకడ చేరాలి."

"సర్, చనిపోయిన మనిషి..."

"మా చెల్లెలు హాస్టల్లో చెడిన సాంబారన్నం తిని పోయింది, తెలుసా మీకు? తొమ్మిదో తరగతి. ఈ పొడి ఇప్పుడు ఆగిందంటే ఈ వేసవిలో ఎన్ని ఇళ్ళలో అలాంటి పిల్లలు పోతారో నాకంటే మీకే బాగా తెలుసు." ఆయన అబద్ధం చెప్పడం లేదు. అందుకే నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి ఇచ్చాను. అత్తయ్య వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. నా పెన్ను అడిగి తీసుకుంది.

"ఇది పెడితే నీ ఉద్యోగం నిలబడుద్దా?"

"నిలబడుతుంది."

"ఆ పొడి పిల్లకాయల బడులకి పోయిద్దా?"

"పోతుంది."

పెన్ను మూత పెట్టేసి నా ముందు పెట్టింది.

"అయితే ఒకటి చెప్పు. అన్నం చెడితే నాకు తెలవాల. ఇరవై ఆరేళ్ళలో తెలవంది ఒక్కసారీ లేదు. ఆ పూట రెండుసార్లు చూశా గంప. మల్లెపూవల్లే ఉంది. చెడినన్నం నా ముక్కుకి ఎందుకు తెలవలా? అది చెప్పిన రోజున సంతకమేంది, తలే పెడతా. అది చెప్పకుండా నేను పెట్టను. నువ్వు కాదు గదా, నీ డైరెక్టరొచ్చి కాళ్ళు పట్టుకున్నా పెట్టను."

ఆమె లేచి, అలవాటు చొప్పున నీళ్ళ కుండ మీది గోనె మీద చెంబుడు నీళ్ళు చల్లింది. మిట్టమధ్యాహ్నం. గోడ మీద చెయ్యి వేస్తే కాలుతోంది. ఎందుకో ఆ గోనె కింద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

సంచిలోంచి థర్మామీటరు తీసి గోనె కింద దూర్చాను. ముప్పై నాలుగు.

యాభై డిగ్రీల్లో ఇరవై ఏడోది నిద్ర లేవదు. ముప్పై నాలుగులో లేస్తుంది. లేవడమేమిటి, దానికి అంతకంటే సుఖమైన చోటు ఇంకోటి లేదు. అది చేసే విషానికి వాసన లేదు, రుచి లేదు, మళ్ళీ వేడి చేసినా పోదు. మామూలుగా అన్నాన్ని పులియబెట్టే జీవులు ముందు పెరిగి, ఆ పులుపుతోనే దాన్ని అణిచి ఉంచుతాయి. అన్నం పుల్లబడిందని ముక్కుకి కబురు కూడా అవే చెబుతాయి. ఆ కాపలావాళ్ళని ఒక్కణ్ణి కూడా మిగల్చకుండా చంపింది నా పొడి. ఇల్లు ఖాళీ చేసి, తలుపు తీసి, దాన్ని లోపలికి పిలిచాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తడిగోనె చూస్తున్నదాన్ని, ప్రయోగశాల పెట్టెలో మాత్రం యాభై డిగ్రీల ఎండే పెట్టాను. గోనె పెట్టలేదు.

"అత్తయ్యా," అన్నాను. "తప్పు మీ ముక్కుది కాదు."

అప్పుడేడ్చింది. అప్పుడే నేనూ ఏడ్చాను.

రెండు గంపల్లో అన్నం వండించాను, అదే కొత్త బస్తాల బియ్యంతో. ఒకదానిలో నిలకడ, ఇంకోదానిలో ఏమీ లేదు. రెండిటి మీదా తడిగోనె. ఇద్దరం వంతులేసుకుని నీళ్ళు చల్లాం. మర్నాటి మధ్యాహ్నానికి పొడి లేని అన్నం పుల్లబడి జిగురొచ్చింది. పొడి వేసింది తాజాగా ఉంది. విషాన్ని పట్టే పట్టీలు కేంద్రం నుంచి తెచ్చి రెండిట్లో ముంచాను. పుల్లబడిన అన్నంలో పట్టీ తెల్లగానే ఉంది. తాజా అన్నంలో పట్టీ అయిదు నిమిషాల్లో ముదురు నీలం అయింది.

ఆ పట్టీలు పట్టుకుని విఠల్‌రావు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన నీలం పట్టీని వెలుతురులో పెట్టి చూశారు.

"ఇరవై ఏడోదాన్ని కూడా చేర్చి కొత్త పొడి చేద్దాం," అన్నారు చివరికి. "చలికాలానికి తయారవుతుంది. ఈలోగా డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేయిస్తాను, తడిగోనె కప్పరాదని."

"సర్, మన దేశంలో ఎండాకాలం గోనె కప్పకుండా అన్నం ఎవరుంచుతారు? మీ అమ్మగారు ఉంచారా?"

"మీరిప్పుడు బయటికి చెబితే నిలకడ పేరెత్తేవాడుండడు. ఎప్పటికీ. నాలుగు నెలలు ఓపిక పట్టండి. ఆ కాగితం..."

"ఆ నాలుగు నెలల్లో పిల్లలు రోజూ అన్నం తింటారు సర్," అని లేచాను. జీవితంలో మొదటిసారి పై అధికారి గది తలుపు ధడాలున వేశాను. హాయిగా అనిపించింది, దాచుకోవడమెందుకు.

విచారణ జూన్ ఆరున, గని ఆఫీసు హాల్లో. కరెంటు పోకముందే ముగించాలని ఎనిమిదింటికే పెట్టారు. విచారణ అధికారిణి సబ్‌కలెక్టర్, ముప్పై కూడా నిండని అమ్మాయి. ఒక పక్క మా కేంద్రంవాళ్ళు, ఒక పక్క కార్మికులు. ముందు వరసలో ఇస్సాకు భార్య దీవెనమ్మ తెల్లచీరలో, ఎవరి మొహమూ చూడకుండా కూర్చుంది. విఠల్‌రావు గారు లేచి నిలకడ మీద జరిపిన పరీక్షలన్నీ చదివారు. పొడిలో లోపం లేదని, వంటమనిషి సూచన పాటించలేదని ముగించారు.

"ఏమ్మా, ఒప్పుకుంటున్నారా?" అని సబ్‌కలెక్టర్ అడిగింది.

అత్తయ్య లేచింది. కాళ్ళ దగ్గరున్న రెండు గంపలు ఎత్తి ఆమె బల్ల మీద పెట్టింది. ముందు రోజు తెల్లవారుజామున వండినవి, తడిగోనెలు ఇంకా నీళ్ళోడుతున్నాయి. ఫైళ్ళు తడుస్తాయని గుమాస్తా గగ్గోలు పెట్టాడు.

"ఉండవయ్యా, మనిషి పోయాడు, నీ కాగితాల గోల ఏంది?" అని వాణ్ణి కసిరి, గోనెలు తీసింది. "అమ్మా, చదువుకున్నదానివి. నేను తర్వాత ఒప్పుకుంటా, ముందు నువ్వు చెప్పు. రెండూ ఒక్కసారే వండా. ఏది మంచిది, ఏది చెడ్డది?"

ఆమె మొదటి గంప వాసన చూసి ముక్కు మూసుకుంది. రెండోది చూసింది.

"ఇది పాచిపోయింది. ఇది బాగుంది."

"మెతుకు నలిపి చూడు."

నలిపింది. పొడిపొడిగా విడిపోయింది. మేం అనుకున్నది అక్కడి వరకే. వాసన చూపించాలి, పట్టీలు చూపించాలి, అంతే. కానీ పొద్దున్నే టిఫిన్ కూడా తినకుండా వచ్చిందేమో పాపం, "బాగానే ఉంది కదా, దీనిలో ఏముంది?" అంటూ ఆ అమ్మాయి ఆ నాలుగు మెతుకులూ నోటి దాకా తీసుకెళ్ళింది.

"వద్దు మేడమ్! తినకండి!"

ఆ కేక నాది కాదు. అత్తయ్యది కాదు. విఠల్‌రావు గారు కుర్చీ తన్నేసి లేచి నిలబడ్డారు. చెయ్యి ముందుకు చాచి ఉంది. హాలంతా ఆయన వైపు తిరిగింది.

అత్తయ్య మెల్లిగా అడిగింది. "ఎందుకొద్దు బాబూ? నీ పొడే గదా ఏసింది. లోపం లేదన్నావు గదా ఇప్పుడే."

ఆయన చాచిన చెయ్యి ఎలా దించుకోవాలో తెలియనట్టు అలాగే నిలబడి, తర్వాత కూర్చుండిపోయారు. సబ్‌కలెక్టర్ మెతుకులు వదిలేసి వేళ్ళని కాగితానికి తుడిచి, మళ్ళీ మళ్ళీ తుడిచింది.

నేను వెళ్ళి రెండు పట్టీలు బల్ల మీద పెట్టాను. వాటి పక్కన ఆ నాలుగు వాక్యాల కాగితం పెట్టాను. 'నాసరమ్మ' అన్న పేరు కొట్టేసి, పైన 'హైమవతి' అని రాశాను. ఆ తర్వాత ఆఖరి వాక్యం వరకూ ఉన్నదంతా కొట్టేసి, 'తడిగోనె కింద ఎంత చల్లగా ఉంటుందో చూడకుండా ఇరవై ఏడో జీవిని జాబితా నుంచి తీసేసితిని. పెరుగు తోడుకోవడం లేదని తెలిసి నోరు మూసుకొంటిని. పొడిలో లోపమున్నది' అని రాశాను. ఆఖరి వాక్యం మాత్రం ఉంచాను. ఇష్టపూర్వకముగానే.

"ఈ పొడి ఒక్క బడి గడప తొక్కినా నేను ఆ గడప దగ్గర కూర్చుంటాను," అన్నాను. "అరెస్టు చేసుకోండి, అక్కడ్నించి మాత్రం లేవను."

దీవెనమ్మ లేచింది. నా ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"ఆయన అయిదు రోజులు నీ పొడిని మెచ్చుకున్నాడు," అంది. "ఇంటికొచ్చి నాతో చెప్పి చెప్పి మెచ్చుకున్నాడు." అంతే అని బయటికి వెళ్ళిపోయింది.

నిలకడ బడులకి వెళ్ళలేదు. జూన్ పన్నెండున బడులు తెరిచి, పొద్దున వండిన అన్నం పొద్దునే పెట్టారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసి, నా మీద కేసు పెట్టారు. అది నడుస్తోంది, నడవాలి కూడా. ఇరవై ఏడోదానికి వేటగాడు లేకుండా ఇలాంటి పొడి ఇంకెవరూ చేయకుండా ఉండాలంటే నా తప్పు ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి. విఠల్‌రావు గారు ఏమయ్యారో నేను అడగలేదు. ఆ కేక మాత్రం ఆయన మనస్సు లోపలి నుంచి వచ్చిందని నాకు తెలుసు.

అంతా అయ్యాక కూడా కాంటీన్ సీలు తీయలేదు. ఫైలు కదలాలట. అత్తయ్య రెండు రోజులు చూసింది. మూడో రోజు తెల్లారేసరికి ఆ సీలు వేసిన తలుపు ముందే మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది.

"మనుషులకి ఆకలి ఫైలు కదిలిందాకా ఆగిద్దా? కొంచెం కొంచెం వండుదాం. పొద్దునది పొద్దునే, సాయంత్రంది సాయంత్రమే. మిగిలితే గేదె ఉండనే ఉంది."

నేను గిన్నెలన్నీ బూడిద పెట్టి తోమి, నీళ్ళలో కాగబెట్టాను. గరిటెలు, కుండలు, వడకట్టే గుడ్డలు, అన్నీ. నా వేటగాళ్ళని చంపడం నాకంటే బాగా ఎవరికి తెలుసు? కాలనీలో నలభై ఇళ్ళకీ వెళ్ళి అదే చేయించాను. కొందరు గుమ్మంలోనే తిట్టారు. తిట్టించుకుని, గిన్నెలు తోమే వచ్చాను. కానీ ఎంత తోమినా, తోడు లేదు. చచ్చిన తోడు మళ్ళీ ఎక్కడ్నించి వస్తుంది? కొన్న పెరుగు తెద్దామంటే, అది తోడుకి పనికిరాదని అత్తయ్య ఒప్పుకోలేదు.

ఒక సాయంత్రం దీవెనమ్మ వచ్చింది. ఆ విచారణ తర్వాత పుట్టింటికి వెళ్ళి ఆ రోజే తిరిగొచ్చిందట. చేతిలో చిన్న స్టీలు గిన్నె, పైన గుడ్డ కట్టి ఉంది.

"మా అమ్మోళ్ళింటి తోడు పెద్దమ్మా," అంది అత్తయ్యతో. నావైపు చూడలేదు. "ఎండలో మనుషులు మజ్జిగ లేక పడిపోతన్నారంట. ఆయన గూడా మజ్జిగ లేకుండా అన్నం కాడ్నించి లేచేవాడు కాదు. నేను మాపు చేశానని కాదు. మజ్జిగ కోసం తెచ్చా."

"మాపు చెయ్యమాక తల్లీ," అంది అత్తయ్య, ఆమె చేతిలోంచి గిన్నె అందుకుంటూ. "కూర్చో. అన్నం తిని పో."

కూర్చోలేదు. కానీ వెళ్ళనూ లేదు, పొయ్యి పక్కన నిలబడి పాలు కాగే దాకా చూసింది.

అత్తయ్య గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి తిప్పుతుండగానే గని ఆఫీసు మనిషి వచ్చి నోటీసు ఇచ్చాడు. అనుమతి లేకుండా ఆరుబయట వంట చేయుట నేరమని, వెంటనే ఆపవలెనని. అత్తయ్య నన్ను చదవమంది. గట్టిగా, ప్రతి అక్షరం చదివాను. ఆ మనిషి వెళ్ళకుండా నిలబడి చూస్తున్నాడు.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

నోటీసు నా చేతిలోంచి తీసుకుని, పెరుగు గిన్నె మీద మూతగా పరిచి, గాలికి ఎగరకుండా పైన చిన్న సున్నపురాయి పెట్టింది.

"పొద్దున్నే రా నాయనా," అంది ఆ మనిషితో. "నీ కాగితం తీసుకుపోదువు గాని. మజ్జిగ గూడా తాగి పో."

తెల్లవారి ఆమె రాయి తీసి, కాగితం ఎత్తి, గిన్నె నా ముందుకి జరిపింది. తను వంగలేదు.

"నువ్వు చూసి చెప్పు."

వంగి పీల్చాను. పుల్లగా, కమ్మగా, బతికిన వాసన వచ్చింది.